సంచికి సెలవు మంజూరు

మా సంస్థలో బస్సు కదలాలంటే డీజిలు కావాలి, టైరు కావాలి, డ్రైవరు కావాలి. సర్క్యులరు కదలాలంటే ఏమీ అక్కర్లేదు. పైన ఎవరికో ఒకరికి ఉత్సాహం పుడితే చాలు.

ఈసారి ఉత్సాహం ప్రధాన కార్యాలయంలో పెద్దసారుకి పుట్టింది. ఆయన స్నేహితులతో కలిసి శని, ఆదివారాలు ఏదో చల్లటి కొండకి షికారు వెళ్ళొచ్చారట. చిన్న సంచిలో ఐదే ఐదు బట్టలు పెట్టుకెళ్ళి, పైదీ కిందదీ మార్చి మార్చి తొడుక్కుంటే పూటకో కొత్త మనిషిలా కనబడ్డారట. ఫొటోలు దిగారట. ఫొటోలకి మెచ్చుకోళ్ళు వచ్చాయట. అంతటి సుఖం ఆయన ఒక్కరే అనుభవించి, సిబ్బందిని గాలికి వదిలేస్తే ఎలా? వారం తిరిగేసరికి కాగితం దిగింది.

"విషయము: వారాంతపు విహారములు – మితవస్త్ర విధానము – అమలు గురించి. సంస్థ సిబ్బంది స్నేహితులతో విహారమునకు వెళ్ళునపుడు ఒక చిన్న సంచి, అందు అయిదు వస్త్రములు మాత్రమే తీసుకొని వెళ్ళవలెను. ప్రతి పైవస్త్రము ప్రతి కిందివస్త్రముతో కలియవలెను. సంచి తనిఖీ అయిన పిమ్మటనే సెలవు విషయము పరిశీలించబడును. ఇందువలన బస్సులపై బరువు తగ్గి, డీజిలు ఆదా అయి, దేశము..."

దేశము దగ్గర జిరాక్సు సరిగ్గా పడలేదు. దేశం ఏమవుతుందో మా డిపోలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మామూలుగా అయితే ఈ సర్క్యులరు మాకు తగిలేది కాదు. కండక్టర్లం స్నేహితులతో షికారు వెళ్ళడమా! మా స్నేహితులు ఎప్పుడూ ఎదురు బస్సులో ఉంటారు. వంతెన మీద రెండు బళ్ళూ ఒరుసుకుంటూ పోయేటప్పుడు కిటికీలోంచి "ఒసే, తిన్నావా?" అని అరుచుకోవడమే మా స్నేహం. పల్లాలమ్మ, హసీనా, ఎస్తేరు, నేను ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ఆ రోజు తరవాత నలుగురం కలిసి కూర్చుని ఒక పూట అన్నం తిన్నది లేదు. డ్యూటీ చార్టు ఒప్పుకోదు.

కానీ ఎస్తేరుకి బదిలీ వచ్చింది. ఎక్కడో రాయలసీమ చివర డిపో. సోమవారం ఇక్కడినుంచి కదలాలి. నేరం ఏమిటంటే, ఆడ కండక్టర్ల విశ్రాంతి గది తలుపుకి గడియ పెట్టించమని అడిగింది. ఒకసారి కాదు, అడుగుతూనే ఉంది. లోపల ఒకరు చీర మార్చుకుంటుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. అది బాగులేదని అంది. పరిపాలనా సౌలభ్యం కోసం ఆమెను అక్కడికి పంపడమైనదని ఉత్తర్వు. గడియ పెట్టడం కంటే మనిషిని పంపడం సౌలభ్యం అన్నమాట.

"వెళ్ళేలోగా ఒక్క శని, ఆదివారం నలుగురం మారేడుమిల్లి పోదాం అక్కా," అంది ఎస్తేరు. "వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుందాం. బొంగు చికెన్ తిందాం. ఆ పైన ఏ ఊరు పంపితే ఆ ఊరు."

అంతే. మాకు కావలసింది అంతే. దరఖాస్తు పెట్టాం.

డిపో మేనేజరు త్రివిక్రమరావు గారు చెడ్డవారు కాదు. కాగితం మీద ఉన్నది చేస్తారు, లేనిది చేయరు, మధ్యలో ఉన్నది పైకి రాస్తారు. సంచులు పట్టుకుని రమ్మన్నారు. పక్కన కంట్రోలరు సూర్యచంద్రం గారు కూడా కూర్చున్నారు. మా బస్టాండు మైకులో వినిపించే గొంతు ఆయనదే. రికార్డు చేసి పెట్టారు కాబట్టి ఆయన నిద్రపోతున్నా ఆయన గొంతు డ్యూటీలో ఉంటుంది.

ముందు పల్లాలమ్మ ఐదు చీరలు తీసి బల్ల మీద పేర్చింది. "ఐదండి. సరిపోయిందండి."

మేనేజరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇవి పైవస్త్రములా, కిందివస్త్రములా?"

"చీరలండి."

"అది కనబడుతూనే ఉన్నదమ్మా. పైదా, కిందదా?"

"కింద మొదలెడతామండి. చుట్టూ తిరిగి పైకొచ్చి భుజం మీద దిగుద్దండి. మీ ఇంట్లో చూళ్ళేదేటండి ఎప్పుడూ?"

మేనేజరు గారు సూర్యచంద్రం గారి వైపు చూశారు. సూర్యచంద్రం గారు గొంతు సవరించుకున్నారు. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడతారు.

"సార్, చీర అనేది డైరెక్టు సర్వీసండి. కింద బయలుదేరి భుజము వరకు మధ్యలో మార్పిడి లేదు. లంగా, ఓణీ అయితే మార్పిడి ఉన్నది. చుడీదారు అయితే పైబండి వేరు, కిందిబండి వేరు. మనకు కావలసినది మార్పిడి కాబట్టి..."

"డైరెక్టు సర్వీసు పనికిరాదు!" మేనేజరు గారి మొహం వెలిగిపోయింది. బట్టల సంగతి ఆయనకి మొదటిసారి అర్థమైంది. "చీరలు తిరస్కరించడమైనది."

"మరి లోపలేసుకునేవండి?" అంది హసీనా. అది మనిషి అగ్గిపుల్లంత ఉంటుంది గానీ అంటించేది మాత్రం అదే. "అయ్యి కూడా ఐదులోకే వస్తాయా, ఏరేనా?"

మేనేజరు గారు సర్క్యులరు తిరగేసి చూశారు.

"ఆ విషయమై ప్రధాన కార్యాలయమునుండి స్పష్టత కోరుదాము," అన్నారు మేనేజరు గారు. నిజంగానే కోరారు. బుధవారం జవాబు వచ్చింది: "సదరు అంశము డిపో స్థాయిలో తగు పరిశీలన జరిపి నిర్ణయించుకోవలెను." ఆ కాగితం చదివి మేనేజరు గారు ఆ రోజంతా ఎవరినీ లోపలికి రానివ్వలేదు.

హసీనా సంచి ఒక్కటే గట్టెక్కింది. మూడు పైవి, రెండు కిందివి, అన్నీ అన్నిటితో కలిశాయి. సూర్యచంద్రం గారు వాటికి డ్యూటీ చార్టు కూడా వేశారు. శనివారం ఉదయం ఎర్ర పైదానికీ నల్ల కిందదానికీ డ్యూటీ, మధ్యాహ్నం ఎర్రదానికి విశ్రాంతి, సాయంత్రం నీలందానికి ఓవర్‌టైము. మాకు ఇంత శ్రద్ధగా విశ్రాంతి వేసినవాళ్ళు ఎవరూ లేరు.

సంతకం పెట్టబోతూ మేనేజరు గారు ఆగారు. సర్క్యులరు మళ్ళీ చదివారు. చెడింది.

"ప్రతి పైవస్త్రము ప్రతి కిందివస్త్రముతో కలియవలెను అని ఉన్నది. ఎవరి పైవస్త్రము, ఎవరి కిందివస్త్రము అని లేదు. మీరు నలుగురు కలిసి వెళుతున్నారు. కాబట్టి పల్లాలమ్మ గారి పైవస్త్రము హసీనా గారి కిందివస్త్రముతో కలియాలి."

మేం హసీనాని చూశాం. తరవాత పల్లాలమ్మని చూశాం. పల్లాలమ్మ బస్సులో నడుస్తుంటే జనం వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు.

"రంగు కలుద్దేమో గానండి," అంది పల్లాలమ్మ, "మనిషి కలవద్దండి."

"అది పరిష్కరించదగిన సమస్య," అన్నారు మేనేజరు గారు.

పరిష్కరించారు. డిపోలో సీటు కవర్లు కుట్టే విభాగం ఉంది. వాళ్ళని పిలిపించి నలుగురి కొలతలూ తీయించి, కలిపి, నాలుగుతో భాగించమన్నారు. దానికి సగటు కొలత అని పేరు. ఆ కొలతకి, గోడౌనులో మిగిలిపోయిన సీటు గుడ్డతో, మూడు పైవీ రెండు కిందివీ కుట్టారు. అన్నీ ఒకే గుడ్డ కాబట్టి కలవకపోయే ప్రశ్నే లేదు. పల్లాలమ్మకి చెయ్యి ఒక్కటే దూరింది. హసీనా ఒక్క చొక్కాలోనే మొత్తం దిగిపోయింది. ఎస్తేరు తొడుక్కుని వెళ్ళి బస్సులో కూర్చుంది. బయటినుంచి చూస్తే సీటు ఖాళీగా ఉన్నట్టే ఉంది.

"నలుగురికీ ఐదేసి కుట్టారా సార్?" అన్నాను.

"ఎందుకు భూలక్ష్మి గారూ? అన్నీ అందరికీ సరిపోతాయి కదా."

"ఎవరికీ సరిపోలేదండి."

"అదే. అందరికీ సమానంగా ఉన్నది. కాబట్టి నలుగురికీ కలిపి ఒకే సంచి, అందు అయిదు."

"నలుగురం ఒకేసారి వాగు దగ్గరికి పోవద్దాండి?"

"షిఫ్టులవారీగా," అన్నారు సూర్యచంద్రం గారు. "ఇద్దరు వాగు వద్ద, ఇద్దరు గదిలో. మూడో పైవస్త్రము స్పేరు."

నేను యూనియన్ కార్యదర్శిని. నా పద్ధతి ప్రకారం అక్కడే నేల మీద కూర్చుని నినాదం ఎత్తుకోవాలి. నోరు తెరిచాను కూడా. ఎస్తేరు బల్ల కిందినుంచి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. గొడవైతే శనివారం పోద్ది. సీటు గుడ్డయితే సీటు గుడ్డ. చాప కట్టుకోమన్నా కట్టుకుంటాను. ఎళ్దాం."

నోరు మూసుకున్నాను. నా యూనియన్ జీవితంలో అది పెద్ద కష్టం.

సంచి సర్దారు. సంచి మీద డిపో ముద్ర వేశారు. జిప్పుకి లక్క సీలు వేశారు. "ఆదర్శ సంచి" అని అట్టముక్క కట్టారు. పైకి ఫోను చేశారు. పెద్దసారు పొంగిపోయారట. రాష్ట్రంలో ఇదే మొదటి సంచి అట. ఫొటోలు కావాలన్నారట, కొండతో సహా.

శుక్రవారం మధ్యాహ్నం ఉత్తర్వు చేతికి వచ్చింది. ఎస్తేరు చదివింది. మళ్ళీ చదివి నాకిచ్చింది. నేను పైకే చదివాను.

"సదరు సంచి తనిఖీలో ఉత్తీర్ణత పొందినందున, సంచికి శని, ఆదివారములు మారేడుమిల్లి విహారము మంజూరు చేయడమైనది. సిబ్బంది కొరత దృష్ట్యా సిబ్బందికి సెలవు మంజూరు చేయుట సాధ్యపడదు."

తిన్నగా మేనేజరు గారి గదికి నడిచాం.

"సంచి ఒక్కత్తే ఎళ్ళి ఏం చేసుద్దండీ అక్కడ?" అంది పల్లాలమ్మ.

"విధానము అమలవుతుందమ్మా."

"మనుషుల్లేకుండానా?"

"విధానము అమలుకు మనుషులు తప్పనిసరి అని సర్క్యులరులో ఎక్కడున్నది? నేను వెతికాను. లేదు." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. దొరికితే ఇచ్చేసేవారే.

ఎస్తేరు మెల్లగా అంది: "నేను సోమవారం ఎళ్ళిపోతానండి సార్. మళ్ళీ నలుగురం కలవమండి."

"ఆ ఉత్తర్వు వేరు, ఈ ఉత్తర్వు వేరు తల్లీ."

బయటికి వచ్చాక ఎస్తేరు ఏడవలేదు. ఆ తలుపు గడియ లేని గదిలోకి వెళ్ళింది. హసీనా బయట నిలబడి తలుపు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది.

నేను గ్యారేజీ వైపు నడిచాను. మారేడుమిల్లి బండి డ్రైవరు తాతబ్బాయి అక్కడ బీడీ కాలుస్తున్నాడు. మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామన్నది యూనియన్ అంతర్గత విషయం.

శనివారం పొద్దున్న మారేడుమిల్లి బండి ప్లాట్‌ఫారం మీద ఉంది. స్త్రీలకు కేటాయించిన సీట్లో, కిటికీ పక్కన, సంచి కూర్చుని ఉంది. మెడలో బంతిపూల దండ. బస్సు ముందు నిమ్మకాయలు. మేనేజరు గారు చెయ్యి ఊపడానికి సిద్ధంగా ఉన్నారు. మేం నలుగురం ఖాకీ కోట్లు తొడుక్కుని, టిక్కెట్టు మిషన్లు మెడలో వేసుకుని, ఎవరి బండి దగ్గర వాళ్ళం నిలబడి చూస్తున్నాం.

ఆ సమయానికి మైకులో సూర్యచంద్రం గారి గొంతు లేచింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. బస్సులలో, ప్రాంగణములో యజమాని లేని సంచులు, టిఫిను డబ్బాలు కనిపించిన యెడల వాటిని తాకరాదు. వెంటనే కంట్రోలరుకు తెలియజేయగలరు."

తాతబ్బాయి ఇంజను ఆపేశాడు. కిందికి దిగి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

"ఏమయ్యా, బండి తియ్యి!" అన్నారు మేనేజరు గారు.

"బండిలో యజమాని లేని సంచి ఉందండి బాబూ. నా పిల్లలు చిన్నోళ్ళండి."

"అది మన సంచయ్యా!"

"మనదంటే ఎవరిదండి? మీదా? అయితే మీరెక్కండి, తీసేత్తాను. యజమాని ఎక్కితే సంచండి, ఎక్కపోతే బాంబండి. నేనన్నది కాదు, రోజూ మీ మైకే అంటంది."

బాంబు మాట బస్సులోకి వెళ్ళింది. జనం తలుపులోంచి సగం, కిటికీల్లోంచి సగం దిగారు. దిగినవాళ్ళు తిన్నగా కంట్రోలరు గారి చుట్టూ చేరారు.

"కంట్రోలరు గారూ, సంచి ఉందండి."

"నాకు తెలుసు."

"తెలిసినా తెలియజెయ్యాలి కదండి. తెలియజేత్తన్నాం."

"ఆయ్, నేనూ తెలియజేత్తన్నానండి," అన్నాడు వెనకనుంచి ఒక పెద్దాయన, గొడుగు ఊపుతూ.

మైకు మళ్ళీ అదే చెప్పింది. రికార్డు కదా, ఆయన మొహం చూసి ఆగదు. పక్క ప్లాట్‌ఫారాలవాళ్ళు కూడా తెలియజేయడానికి వచ్చారు. వెనక బళ్ళన్నీ ఆగిపోయాయి. అన్నవరం పెళ్ళిబృందం ఒకటి బ్యాండుతో సహా వచ్చి తెలియజేసింది.

మేనేజరు గారికి చెమటలు పట్టాయి. "దీనికి యజమానులు ఉన్నారు! నలుగురు ఉన్నారు! ఎస్తేరు గారూ, మీరు ఎక్కండి. సంచి సంరక్షణార్థము, ఆన్ డ్యూటీ."

ఎస్తేరు ఒక అడుగు వేసింది. తాతబ్బాయి కదలలేదు. టీ ఊదుకుంటున్నాడు.

"ఈవిడది నాలుగో వంతే కదండి. మిగతా మూడొంతుల సంచి ఎవరిదండి?"

నేను తాతబ్బాయి వైపు చూడలేదు. తాతబ్బాయీ నా వైపు చూడలేదు.

"నలుగురూ ఎక్కండి!" అని అరిచారు మేనేజరు గారు. సర్క్యులరు వెనకవైపు తెల్లగా ఉంటే అక్కడే ఉత్తర్వు రాసిచ్చారు. సిబ్బంది కొరత ఏమైందని ఎవరూ అడగలేదు. ఆ రోజు సూర్యచంద్రం గారు స్వయంగా టిక్కెట్టు మిషను మెడలో వేసుకుని రాజోలు బండెక్కారు. నిలబడి వెళ్ళారు. సీట్లు ఖాళీ లేవు.

మారేడుమిల్లిలో మేం ఆ సంచి తెరవలేదు. సీలు తెంచకూడదని ఉత్తర్వులో ఉంది. బంతిపూల దండతో సహా దాన్ని వాగు మధ్యలో ఒక బండ మీద కూర్చోబెట్టి, ఫొటోలు తీసి పంపాం. సంచి, వెనక కొండ. సంచి, పక్కన జలపాతం. సంచి, ఎదురుగా బొంగు చికెన్. పెద్దసారుకి నచ్చాయట.

తరవాత మేం నీళ్ళలో దిగాం. ఒంటి మీద ఉన్న బట్టతోనే, ఖాకీ కోటుతోనే. పల్లాలమ్మ దిగితే వాగు గట్టెక్కినంత పనైంది. షికారుకొచ్చిన వాళ్ళు మా కోట్లు చూసి "చివరి బస్సు ఎన్నింటికండి?" అని అడిగారు. హసీనా నడుములోతు నీళ్ళలో నిలబడి, చెయ్యి ఊపి, "రైట్, రైట్, ముందుకి జరగాలి!" అంది. వాళ్ళు జరిగారు కూడా.

పొద్దువాలేసరికి చలి. పొడిబట్ట లేదు. సంచిలో ఉన్నాయి గానీ అవి సీట్లు. మేం దిగిన గది యజమానురాలు నవ్వి, తన చీరలు నాలుగు పడేసింది. ఆకుపచ్చ చీరకి పసుపు జాకెట్టు, గళ్ళ చీరకి పూల జాకెట్టు. ఏదీ దేనితోనూ కలవలేదు. అలాంటి అందగత్తెల్ని ఆ ఊరు అంతకుముందు చూసి ఉండదు.

నిప్పుల పక్కన కూర్చున్నాం. వెదురు బొంగు చీల్చి ఆకులో కూర పోశారు. ఎస్తేరు వేళ్ళు నాక్కుంటూ అంది:

"ఆ డిపోలోనైనా తలుపుకి గడియ ఉంటాదంటావా అక్కా?"

"ఉండదు," అంది పల్లాలమ్మ. "అక్కడా అడుగు."

"అడిగితే ఇంకెక్కడికి తోసేత్తారో."

"తిరిగి ఇక్కడికే తోత్తారు. ఇంకెక్కడ మిగిలిందే?"

పడీ పడీ నవ్వాం. ఎందుకంత నవ్వొచ్చిందో గానీ, నవ్వుతూనే హసీనా కళ్ళు తుడుచుకుంది. పొగ అంది.

సోమవారం మేనేజరు గారు నివేదిక పంపారు. "సంచి క్షేమముగా తిరిగి వచ్చినది. సీలు చెక్కు చెదరలేదు. రెండు దినములలో ఒక్క వస్త్రము కూడ వినియోగించవలసిన అవసరము రాలేదు. విధానము నూరు శాతము విజయవంతము." మధ్యాహ్నానికే జవాబు. అయిదు వస్త్రములు కూడ అనవసరమని అనుభవములో రుజువైనందున, వచ్చే నెలనుండి సిబ్బంది ఖాళీ సంచితో విహారమునకు వెళ్ళవలెను. ఆదర్శ సంచిని అందరూ చూచుటకు వీలుగా డిపో ముఖద్వారము వద్ద ప్రదర్శించవలెను.

ప్రదర్శించారు. గంటల మీద టేకు చెక్కతో అద్దాల పెట్టె చేయించారు. సంచిని ఎవరైనా తీసుకుపోతారేమోనని పెట్టె తలుపుకి ఇత్తడి గడియ వేయించారు. తళతళలాడే గడియ.

సాయంత్రం ఎస్తేరు బయలుదేరింది. ట్రంకు పెట్టె, రెండు దుప్పటి మూటలు, చీరలు, పరుపు, ఆవకాయ జాడీ, కుట్టుమిషను. ఇల్లు మొత్తం ప్లాట్‌ఫారం మీద ఉంది.

నేను మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. "సంచులు తనిఖీ చెయ్యరా సార్? ఐదు కంటే ఎక్కువున్నాయండి."

"అక్కర్లేదమ్మా. అది విహారమునకు వెళ్ళేవారికి. బదిలీకి వర్తించదు. ఎన్నయినా తీసుకుపోవచ్చు."

సంతోషంగా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళకి ఐదు బట్టలు. వెళ్ళగొడితే పోయేవాళ్ళకి ఎన్నయినా. సర్క్యులరులో నాకు బాగా అర్థమైన ముక్క అదొక్కటే.

తిరిగొచ్చేసరికి ఎస్తేరు అద్దాల పెట్టె ముందు నిలబడి ఉంది. సంచిని చూడటం లేదు. గడియని చూస్తోంది.

"తాతబ్బాయన్నా, నీ డబ్బాలో స్క్రూడ్రైవరు ఉందా?"

ఉంది. తాతబ్బాయి తీసిచ్చాడు. పల్లాలమ్మ అడ్డంగా నిలబడింది. ఆవిడ అడ్డంగా నిలబడితే వెనక ఏం జరుగుతుందో దేవుడికి కూడా కనబడదు. ఎస్తేరు గడియ విప్పి, మా గదికి పట్టుకెళ్ళి, తలుపుకి బిగించింది. లోపలికి వెళ్ళి వేసింది. టక్కుమంది. కాసేపు లోపలే ఉంది. బయట ఎవరూ తలుపు పట్టుకోలేదు. గడియ తీసి బయటికి వచ్చి, బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగాక చూస్తే అద్దాల పెట్టె తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది.

మర్నాడు నన్ను సంజాయిషీ అడిగారు. ప్రదర్శనలోని గడియ ఆడవారి గది తలుపుకు ఎట్లు చేరినదో తెలియజేయవలెను అని. రాసిచ్చాను:

"మన విధానము ప్రకారము ప్రతి గడియ ప్రతి తలుపుతో కలియవలెను. వేసి చూచితిమి. కలిసినది."